బాగా ఆడే బిడ్డని ఆపాలా, పంపాలా? ఊరి హాకీ జట్టు నడిపేవాళ్ళు ఏం చేయాలి

ఈ మధ్య నాకొచ్చే ఫోన్లలో సగం ఒకే ప్రశ్నతో మొదలవుతున్నాయి. టెక్కలి వైపు నుంచి ఒకరు, రాజాం నుంచి ఒకరు, చీపురుపల్లి నుంచి మరొకరు. "మాస్టారూ, మా ఊరి పిల్లలకి హాకీ నేర్పుతున్నాం. ఇద్దరు ముగ్గురు బాగా తేలారు. స్పోర్ట్స్ హాస్టల్‌కి పంపితే జట్టు పోతాది, పంపకపోతే పిల్లల భవిష్యత్తు పోతాది. ఏటి చెయ్యమంటారు?"

ఒక్కొక్కరికి అరగంట చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. నేను ఆమదాలవలస దగ్గర ఒక ఊళ్ళో పిల్లలకి హాకీ నేర్పుతాను. ఇందులో రాసినవన్నీ గ్రౌండులో చేసి చూసినవే. కబడ్డీ, వాలీబాల్, ఖోఖో జట్లు నడిపేవాళ్ళకి కూడా చాలావరకు పనికొస్తాయి, కొలతలు, నిమిషాలు మాత్రం మార్చుకోవాలి.

ముందు సమకూర్చుకోవలసినవి

గ్రౌండు: పూర్తి హాకీ మైదానం 91.4 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు ఉంటుంది. మన బడుల్లో అంత చోటు దొరకదు. అందులో సగం ఉన్నా ఏడుగురు చొప్పున ఆడించవచ్చు. వరి కోతలయ్యాక ఖాళీ మడిలో ఆడిద్దామని చాలామందికి అనిపిస్తుంది. వద్దు. హాకీ బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు, రాయిలా గట్టిగా ఉంటుంది. వరి మోళ్ళకి తగిలి ఎటు లేస్తుందో ఎవరూ చెప్పలేరు, ముఖానికి తగిలితే పళ్ళు పోతాయి. చదును చేసి అలికిన కళ్ళం నేలైతే ఫర్వాలేదు.

స్టిక్స్: జట్టు పేరు మీద కొని ఒక పెట్టెలో పెట్టండి. నిలబెడితే పిల్లల తుంటి ఎముక దాకా వచ్చే స్టిక్ సరిపోతుంది. ఎడమచేతి వాటం పిల్లలకి వేరే స్టిక్ వెతక్కండి, హాకీ నియమాలు దాన్ని ఒప్పుకోవు. అందరూ కుడి పద్ధతిలోనే నేర్చుకోవాలి. పంటి గార్డు, కాలి గార్డు లేకుండా ఎవరినీ ఆటలోకి దించకండి.

రెండు నోటు పుస్తకాలు: ఒకటి హాజరుకి. రెండోది మ్యాచ్‌లో ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారో రాసుకోవడానికి. ఈ రెండో పుస్తకం చాలామంది దగ్గర ఉండదు. గొడవలన్నీ అక్కడే పుడతాయి.

ఒక్కో పిల్లకీ ఒక కవరు: జనన ధ్రువపత్రం, ఆధార్ కాపీ, స్టడీ సర్టిఫికెట్, ఆరు ఫొటోలు. సెలక్షన్ రేపనగా జనన ధ్రువపత్రం కోసం పరుగెత్తి అవకాశం పోగొట్టుకున్నవాళ్ళని చూశాను.

ఐదుగురు మనుషులు: మీరు, బడి పీఈటీ (ఆటల మాస్టారు), ఆడే పిల్లల తల్లుల్లో ఒకరు, మునుపు ఆడిన ఒక కుర్రాడో అమ్మాయో, జట్టులో తమ పిల్లలెవరూ లేని పెద్దమనిషి ఒకరు. ఆ ఐదో మనిషి తప్పకుండా ఉండాలి. ఎందుకో ఆరో మెట్టులో తెలుస్తుంది.

1. జట్టు ఎందుకు పెట్టారో మూడు వాక్యాల్లో రాసి గోడకి అంటించండి

ఇది సీజన్ మొదలు కాకముందే, ఎవరికీ ఎక్కడి నుంచీ పిలుపు రాకముందే జరగాలి. పిలుపొచ్చాక రాసిన నియమం ఏదైనా సరే, ఎవరో ఒక పిల్లాడి కోసం రాసినట్టే కనిపిస్తుంది. మేం రాసుకున్నవి ఇవి:

"బయట మంచి అవకాశం వచ్చిన బిడ్డకి ఈ జట్టు అడ్డుపడదు, ముందు ఏ టోర్నీ ఉన్నా సరే. 14 ఏళ్ళ లోపు ఎవరినీ ఆట రాలేదని తీసెయ్యం. వెళ్ళినవాళ్ళు ఎప్పుడు తిరిగొచ్చినా ఈ గ్రౌండులో చోటు ఉంటుంది."

మొదటి వాక్యం వెనుక నా తప్పు ఒకటుంది. చాలా ఏళ్ళ కిందట మా జట్టులో మైదానం మధ్యలో ఆడే మంచి సెంటర్ హాఫ్ ఒకడుండేవాడు. డిసెంబరులో ఒక హాస్టల్ నుంచి కబురొచ్చింది, వారంలో వచ్చి చేరమన్నారు. కనుమ నాడు పక్క ఊరితో మ్యాచ్ ఉంది. వాళ్ళ నాన్నతో నేనే అన్నాను, "పండగ వెళ్ళాక పంపుదాం అన్నయ్యా, నేను మాట్లాడతాను" అని. మ్యాచ్ గెలిచాం. పండగ వెళ్ళేసరికి ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేశారు. మరుసటి ఏడాది వాడు చదువు మానేసి, తండ్రితో పాటు చెన్నైలో భవనాల పనికి వెళ్ళిపోయాడు. ఇప్పటికీ పండక్కి వచ్చినప్పుడు నన్ను "మాస్టారూ" అని ఆప్యాయంగానే పలకరిస్తాడు. ఆ కప్పు బడి బీరువాలో ఉంది, దాన్ని చూసినప్పుడల్లా నాకు వాడే గుర్తొస్తాడు. మీ గోడ మీద ఆ మొదటి వాక్యం ఉండాలని అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

2. సాధన స్థాయిని బట్టి, మ్యాచ్ అందరినీ కలిపి

అందరినీ ఒకే గుంపుగా నిలబెట్టి నేర్పితే బాగా ఆడేవాళ్ళకి విసుగు, కొత్తవాళ్ళకి భయం. అలాగని "ఏ టీమ్, బి టీమ్" అని పేర్లు పెట్టేస్తే బి టీమ్ పిల్లలు రెండు నెలల్లో మానేస్తారు. మధ్యదారి ఒకటుంది.

వారంలో నాలుగు రోజుల సాధన ఉంటే రెండు రోజులు స్థాయిని బట్టి గుంపులు చేయండి. గుంపులకి రంగుల పేర్లు పెట్టండి. ఆరు వారాలకోసారి మార్చండి, కనీసం ఇద్దరు ముగ్గురు పైకీ కిందికీ కదలాలి. మిగతా రెండు రోజులు అందరినీ కలిపి జట్లు వేయండి, ప్రతి జట్టులోనూ బాగా ఆడేవాళ్ళూ కొత్తవాళ్ళూ ఉండేలా చూడండి.

జాగ్రత్త: పదేళ్ళ పిల్లల్లో పొడుగ్గా, బలంగా ఉన్నవాడే మంచి ఆటగాడిలా కనిపిస్తాడు. చాలాసార్లు వాడు అదే వయసు విభాగంలో ఎనిమిది, పది నెలలు పెద్దవాడై ఉంటాడు, అంతే. గుంపులు వేసేటప్పుడు పుట్టిన నెల పక్కన రాసుకుని చూడండి. పై గుంపులో అందరూ ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్ళే ఉంటే, మీరు ఆటని కాకుండా ఎత్తుని చూసి ఎంచారన్నమాట.

మన జిల్లాల్లో ఊడుపులప్పుడూ కోతలప్పుడూ కొందరు పిల్లలు పొలానికి వెళ్ళాల్సి వస్తుంది. ఆ వారాల్లో రాలేదని కింది గుంపుకి దించకండి. హాజరు పుస్తకంలో "పొలం" అని రాసుకోండి, చాలు.

3. ఆడే నిమిషాలకి లెక్క పెట్టండి

నమ్మకం నిలబడేదీ పోయేదీ ఇక్కడే. "మావోడ్ని ఆడించలేదు" అనే మాట ఊళ్ళో ఒకసారి పుడితే దానికి మీ మాటతో జవాబు చెప్పలేరు. పుస్తకం చూపించాలి.

లెక్క ఇలా వేయండి. ఏడుగురి జట్టు, పది నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు అనుకుందాం. మొత్తం 7 × 40 = 280 నిమిషాలు. మీ దగ్గర 12 మంది పిల్లలుంటే తలా 23 నిమిషాలు వస్తాయి. హాకీలో ఎంతమందినైనా, ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, ఆట ఆపక్కర్లేదు. పెనాల్టీ కార్నర్ (గోల్ దగ్గర తప్పు జరిగితే ఎదుటి జట్టుకి ఇచ్చే అవకాశం) ఇచ్చినప్పటి నుంచి అది ముగిసేదాకా మాత్రం మార్చకూడదు. ఇంత వెసులుబాటు ఉన్న ఆటలో ఒక పిల్లాణ్ణి పూర్తిగా బెంచీ మీద కూర్చోబెట్టామంటే తప్పు మనదే.

మేం పాటించే పద్ధతి:
- 12 ఏళ్ళ లోపు: అందరికీ సమానం. గోల్‌కీపర్ కూడా వంతులవారీగా మారాలి.
- 14 లోపు: ప్రతి ఒక్కరికీ కనీసం రెండు క్వార్టర్లు, ఫైనల్ అయినా సరే.
- 17 లోపు: కనీసం ఒక క్వార్టర్. ఫైనల్లో ఇది తప్పనిసరి కాదు, ఆ సంగతి సీజన్ మొదట్లోనే చెప్పెయ్యాలి.

నిమిషాలు రాసే పని మీరు పెట్టుకోకండి. ఆ రోజు మ్యాచ్ లేని విభాగం పిల్లల తల్లిదండ్రుల్లో ఒకరికివ్వండి. మా దగ్గర ఒక తల్లి ఈ పని మొదలుపెట్టాక, గ్రౌండు గట్టు మీద నుంచి వచ్చే అరుపులు సగానికి సగం తగ్గాయి.

చదవడం రాయడం వచ్చినవాళ్ళు దొరకకపోతే ఒక్కో పిల్లకీ ఒక చిన్న డబ్బా పెట్టి, ఆడిన క్వార్టరుకి ఒక గులకరాయి వేయించండి. మ్యాచ్ అయ్యాక లెక్కపెట్టుకోవచ్చు.

4. బాగా ఆడేవాళ్ళకి ఆకలి తీరేలా పని ఇవ్వండి

అందరికీ సమానంగా నిమిషాలిస్తే బాగా ఆడేవాడు వెనకబడిపోడా అని అడుగుతారు. వెనకబడడు, మీరు వాడికి వేరే పని పెడితే. ఉదాహరణకి:

కలిపి ఆడే రోజుల్లో వాడికి రెండే టచ్‌లు ఇవ్వండి, ఆపడం ఒకటి, పంపడం ఒకటి. లేదా ఆ మ్యాచంతా డ్రిబుల్ (బంతిని స్టిక్‌తో తోసుకుంటూ పరుగెత్తడం) వద్దని చెప్పండి. బంతికి అతుక్కుపోయే పిల్లలకి తల పైకెత్తి చూడడం అప్పుడే వస్తుంది.

పై వయసు గుంపుతో వారానికి ఒక రోజు ఆడించండి. ఒక్క రోజే. పదమూడేళ్ళవాణ్ణి పదిహేడేళ్ళవాళ్ళతో రోజూ తోస్తే దెబ్బలు తగులుతాయి, తోటి పిల్లలకీ దూరమవుతాడు.

వాడికి అలవాటు లేని చోట ఆడించండి. ఫార్వర్డ్‌ని రెండు నెలలు డిఫెండర్‌గా పెట్టండి.

ఏడాదికోసారైనా టర్ఫ్ (కృత్రిమ గడ్డి మైదానం) మీద ఆడించండి. కాకినాడలో సింథటిక్ టర్ఫ్ ఉంది. ఆమదాలవలసలో రైలెక్కితే సామర్లకోటలో దిగి వెళ్ళవచ్చు. ముందుగా అనుమతి అడిగి, ఇద్దరు ముగ్గుర్నే కాకుండా వీలైతే జట్టు మొత్తాన్నీ తీసుకెళ్ళండి. మట్టి మీద నేర్చుకున్న పిల్లలు టర్ఫ్ మీద మొదటి పది నిమిషాలు బంతి ఆపలేరు, అది అంత వేగంగా వస్తుంది. సెలక్షన్లో మన పిల్లలు చాలామంది అక్కడే పోతారు. ఆట రాక కాదు, ఆ వేగం ముందెన్నడూ చూడక.

అంత ఖర్చు పెట్టలేకపోతే బడి సిమెంటు వరండాలో, లేదా ఊరి పంచాయతీ సిమెంటు రోడ్డు మీద బండ్లు తిరగని వేళ, బంతి ఆపడం ఒక్కటే సాధన చేయించండి. పూర్తిగా సరిపోదు, కాస్త ఉపయోగం ఉంటుంది.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు: బాగా ఆడే పిల్లాణ్ణి చిన్నపిల్లలకి నేర్పే పనిలో పెట్టి అదే "అభివృద్ధి" అనుకోవడం. వారానికి ఇరవై నిమిషాలు నేర్పడం వాడికీ మంచిదే. రోజూ అయితే వాడి సాధన పోతుంది, మీకు జీతం లేని కోచ్ దొరుకుతాడు. అది అన్యాయం.

5. పిలుపు వచ్చినప్పుడు

స్కూల్ గేమ్స్ మండలం, జిల్లా, రాష్ట్రం అని మెట్లు మెట్లుగా సాగుతాయి, 14, 17, 19 ఏళ్ళ లోపు విభాగాల్లో. జిల్లా జట్టులో కనిపించిన పిల్లకి హాస్టళ్ళ నుంచో అకాడమీల నుంచో కబురు రావచ్చు. ఆ రోజు ఇంట్లో సంతోషం, టెన్షన్ రెండూ ఉంటాయి. మీ పని తొందరపడకుండా, ఆలస్యమూ చేయకుండా నడిపించడం.

మొదటి రోజు: చేరడానికి ఆఖరి తేదీ ఏదో కాగితం మీద తెలుసుకోండి. నోటిమాట నమ్మవద్దు.

రెండు, మూడు రోజుల్లో ఈ ప్రశ్నలకి జవాబులు రాబట్టండి: చదువు ఏ బడిలో, ఏ మీడియంలో? తిండి, వసతి ఉచితమా? దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు ఎవరిది? ఆడపిల్లలకి వార్డెన్ ఆవిడేనా, రాత్రి అక్కడే ఉంటుందా? ఇంటికి ఎప్పుడెప్పుడు పంపుతారు? ఏడాది తర్వాత ఎంపిక కాకపోతే పిల్లల చదువు సంగతేమిటి? ఈ చివరి ప్రశ్న అడగడానికి అందరూ మొహమాటపడతారు. అదే ముందు అడగండి.

తర్వాత: తల్లిదండ్రుల్లో ఒకరు, మీలో ఒకరు కలిసి వెళ్ళి ఆ చోటు కళ్ళారా చూడండి. అక్కడున్న పిల్లలతో కోచ్ పక్కన లేనప్పుడు మాట్లాడండి. వంటశాల చూడండి.

ఆఖరున: పిల్లని ఒంటరిగా అడగండి, "నీకెళ్ళాలనుందా?" అని. నాన్న ముందు అడిగితే నాన్న జవాబే చెబుతుంది. తల్లితోనో, మీ బృందంలోని అమ్మతోనో అడిగించడం మంచిది. వద్దంటే ఒత్తిడి పెట్టకండి. వచ్చే ఏడాది ఇంకో పిలుపు రావచ్చు.

మీ ఐదుగురికి ఇక్కడ అభిప్రాయం చెప్పే హక్కు ఉంది గానీ, ఆపే హక్కు లేదు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి.

గట్టి హెచ్చరిక ఒకటి. "సెలక్షన్ ఖాయం చేయిస్తాను, ఇంత ఇవ్వండి" అనేవాళ్ళు ఊళ్ళ మీద తిరుగుతుంటారు. కేంద్ర ప్రభుత్వ క్రీడా పథకం ఖేలో ఇండియాలో ఎంపికైన పిల్లలకి నెలకు 10,000 రూపాయలు చేతిఖర్చుకి ఇస్తారన్న మాట నిజమే. వీళ్ళు ఆ అంకె చూపించి తల్లిదండ్రులకి ఆశ పెడతారు. ఎంపిక కోసం ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. పుట్టిన తేదీ మార్పించి చిన్న విభాగంలో ఆడిస్తామనేవాళ్ళని అసలు గ్రౌండులోకే రానివ్వకండి. వయసు తేల్చడానికి మణికట్టు ఎక్స్‌రే తీస్తారు, పట్టుబడితే ఆ పిల్ల ఆటే పోతుంది.

వెళ్ళే రోజు కవర్లోని కాగితాలన్నీ ఇచ్చెయ్యండి, కాపీలు మీ దగ్గర ఉంచుకోండి. ఆడిన నిమిషాల పుస్తకంలో ఆ పిల్ల పేజీలు కూడా రాసివ్వండి, కొత్త కోచ్‌కి అవి ఎంతో పనికొస్తాయి. ఇన్నాళ్ళూ ఏ స్టిక్‌తో ఆడిందో అది బహుమతిగా ఇచ్చెయ్యండి. జట్టు ఆస్తి కదా అని లెక్క చూడకండి.

6. దాతలతో, పెద్దలతో మాట్లాడడం

ఊరి జట్టు ఊరి డబ్బుతోనే నడుస్తుంది. ఇచ్చినవాళ్ళు ఏదో ఒకటి అడుగుతారు. మనవణ్ణి కెప్టెన్ చేయమంటారు, లేదా "మన వీధి పిల్లలు ముందు" అంటారు. ఇక్కడే ఆ ఐదో మనిషి కావాలి. జవాబు చెప్పవలసింది ఆయనే, మీరు కాదు. ఇలా అనమనండి:

"మావయ్యా, మీరిచ్చిన స్టిక్స్‌తోనే ఈ పిల్లలు ఆడుతున్నారు, ఆ మాట అందరికీ తెలుసు. కెప్టెన్ని మాత్రం పిల్లలే చీటీలు వేసి ఎంచుకుంటారు. మన బాబు పేరు కూడా అందులో ఉంటాది."

ఎవరిచ్చిన డబ్బైనా స్టిక్స్‌కి, గార్డులకి, గోల్‌కీపర్ సామానుకి, రైలు టికెట్లకి ఖర్చు పెట్టి లెక్క గోడ మీద పెట్టండి. ఒక పిల్లాడి పేరు మీద డబ్బు తీసుకోకండి. అది తీసుకున్న రోజు నుంచి ఆ పిల్లాణ్ణి ఊరు తన సొత్తనుకుంటుంది.

7. పండగ మ్యాచ్‌లు

పెద్ద పండక్కి హైదరాబాద్, చెన్నై వెళ్ళినవాళ్ళంతా ఇళ్ళకి వస్తారు. ఊరు నిండుగా ఉంటుంది. జట్టుకీ ఊరికీ ముడి పడేది ఆ మూడు రోజుల్లోనే. ఒడిశాలో సుందర్‌గఢ్ వైపు ఖస్సీ టోర్నమెంట్లని జరుగుతాయి, గెలిచిన జట్టుకి మేకపోతుని బహుమతిగా ఇస్తారు. ఆ జిల్లాలోని సౌనామారా అనే ఒక్క ఊరి నుంచే భారత జట్టు కెప్టెన్‌గా చేసిన దిలీప్ టిర్కీ, టోక్యో, పారిస్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన జట్లలో ఆడిన అమిత్ రోహిదాస్ ఇద్దరూ వచ్చారు. ఒకరు బయటికెళ్ళి పెద్దవాడయ్యారని అక్కడ ఆట ఆగిపోలేదు.

మనమేం చేయాలి? కనుమ నాడు ఒకే మ్యాచ్ పెట్టండి, పాతవాళ్ళకీ ఇప్పటి పిల్లలకీ. హాస్టల్ నుంచి వచ్చిన పిల్లని గౌరవంగా పిలవండి, ఆడమని మాత్రం బలవంతపెట్టకండి. చాలాచోట్ల బయట ఆడకూడదని నియమం ఉంటుంది, ఇక్కడ కాలు మెలికపడితే అక్కడ సీటు పోవచ్చు. దానికి బదులు అంపైరింగ్ చేయించండి, లేదా కొత్తగా నేర్చుకున్న ఒక డ్రిల్లు చిన్నపిల్లలకి చూపించమనండి. చిన్నపిల్లలు కళ్ళార్పకుండా చూస్తారు.

గెలవడం కోసం డబ్బిచ్చి బయటి ఆటగాళ్ళని తేవడం పిల్లల జట్లలో పూర్తిగా మానెయ్యండి. పెద్దల జట్టులో తప్పదంటే ఇద్దరికి మించవద్దు. ఏడాదంతా చలిలో ఆరింటికి లేచి వచ్చిన పిల్లాడు పండగ నాడు గట్టు మీద కూర్చుని ఎవరో తెలియనివాళ్ళు తన జెర్సీ వేసుకోవడం చూడకూడదు.

8. తిరిగొచ్చినవాళ్ళు

దీని గురించి ఎవరూ అడగరు. అందుకే అడక్కుండానే రాస్తున్నాను. హాస్టల్‌కి వెళ్ళినవాళ్ళలో కొందరు తిరిగొచ్చేస్తారు. ఇల్లు గుర్తొచ్చి, దెబ్బ తగిలి, లేదా ఎంపిక కాక. అప్పుడు ఊరు ఒక మాటంటుంది, "పెద్ద ఆటగాడు అయిపోదామనుకున్నాడు, వచ్చేశాడు" అని. ఆ ఒక్క మాటకి ఆట మానేసిన పిల్లలున్నారు.

వచ్చిన వారంలోగా మీరే ఇంటికి వెళ్ళండి. ఏం జరిగిందని అడగకండి. "రేపు ఆరింటికి గ్రౌండుకి రా, జెర్సీ నీ సైజుది పెట్టాను" అనండి. మొదటి నెల మ్యాచ్‌లొద్దు, సాధన చాలు. బడి మారే కాగితాల పని మీ బృందంలో ఒకరు దగ్గరుండి చేయించాలి, మధ్యలో చదువు ఆగిపోతే ఇక బడి ముఖం చూడరు.

9. ఆడపిల్లల విషయం విడిగా చూడండి

పదమూడు, పద్నాలుగేళ్ళకి ఆడపిల్లలు ఆట మానేస్తారు. చాలావరకు కారణాలు చిన్నవే, మనం తీర్చగలిగేవే. గ్రౌండు దగ్గర మరుగుదొడ్డి లేదు, చీకటిపడ్డాక ఇంటికెళ్ళాలి, మగపిల్లలతో కలిపి పొట్టి నిక్కర్లు వేయమన్నారు. సాధన సాయంత్రం అయిదున్నరకల్లా ముగించండి, ట్రాక్ ప్యాంటు వేసుకోనివ్వండి, ఒక అమ్మ రోజూ గ్రౌండులో ఉండేలా వంతులు వేయండి.

ఇంట్లో ఒప్పించడానికి నేను ఎప్పుడూ మల్లీశ్వరి పేరే చెబుతాను. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి, 2000లో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. తర్వాత హర్యానాలో స్థిరపడింది. అయినా మా వైపు ఏ ముసలమ్మని అడిగినా "మన మల్లీశ్వరి" అంటుంది. విజయనగరం వాళ్ళకైతే నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ మత్స సంతోషి ఉంది. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్‌లోనే మూడో స్థానంలో నిలిచి, మొదటి స్థానంలో ఉన్నామె డోపింగ్‌లో పట్టుబడడంతో వెండి పతకం అందుకుంది. బిడ్డని బయటికి పంపితే ఊరికి పరాయిదైపోతుందని భయపడే తల్లిదండ్రులకి ఈ ఇద్దరి సంగతీ చెప్పండి.

సరిగ్గా నడుస్తోందా? ఇలా చూసుకోండి

జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి, పుస్తకాలు ముందేసుకుని కూర్చోండి. కప్పులు లెక్కపెట్టవద్దు.

మొదట, జూన్‌లో మొదలుపెట్టినవాళ్ళలో డిసెంబరుకి ఎంతమంది మిగిలారు? మానేసినవాళ్ళ పేరు పేరునా కారణం రాయండి. "ఆసక్తి లేదు" అన్న కారణం ఒప్పుకోవద్దు, ఇంటికెళ్ళి అడిగితే వేరే కారణం బయటపడుతుంది.

14 ఏళ్ళ లోపు విభాగంలో అందరికన్నా తక్కువ ఆడిన పిల్ల నిమిషాలు, అందరికన్నా ఎక్కువ ఆడినవాడి నిమిషాల్లో సగమైనా ఉన్నాయా? లేకపోతే మూడో మెట్టు మీరు మాటల్లోనే పాటిస్తున్నారు.

ఆట పెరిగిందా అన్నదానికి చిన్న పరీక్ష: పది మీటర్ల నుంచి పది బంతులు వేయండి. పిల్ల ఎన్నింటిని స్టిక్ అందే దూరంలో కదలకుండా ఆపగలిగింది? జూన్ అంకె పక్కన డిసెంబరు అంకె రాయండి. ఏ పిల్లనైనా తన పాత అంకెతోనే పోల్చండి, పక్కవాడితో కాదు. పై గుంపువాళ్ళ అంకె కదలకపోతే మీరు వాళ్ళని మ్యాచ్‌లకి వాడుకుంటున్నారు, నేర్పడం లేదు. కింది గుంపు అంకె కదలకపోతే వాళ్ళని గ్రౌండు నింపడానికే పిలుస్తున్నట్టు.

పిల్లలు ఏ ఏ వీధుల నుంచి వస్తున్నారో ఊరి పటం గీసి చుక్కలు పెట్టండి. అన్ని చుక్కలూ రెండు వీధుల్లోనే ఉంటే, కాలనీ నుంచీ పేట నుంచీ ఒక్కరూ లేకపోతే, దాన్ని ఊరి జట్టు అనడానికి లేదు. గ్రౌండు ఏ చివర ఉంది, సాధన వేళ ఎవరికి కుదరదు, స్టిక్ కొనుక్కురమ్మని ఎవరైనా అన్నారా, ఇవి వెతకండి. అప్పటికీ రాకపోతే పీఈటీతో కలిసి ఆ వీధికే వెళ్ళి అక్కడే ఒక సాయంత్రం ఆడించండి. మేం అలా వెళ్ళిన మొదటి రోజు తొమ్మిది మంది వచ్చారు, అందులో ఐదుగురు ఇప్పటికీ వస్తున్నారు.

చివరిగా, బయటికెళ్ళినవాళ్ళలో ఎంతమంది ఈ ఏడాది ఒక్కసారైనా గ్రౌండుకి వచ్చారు? మీరు పిలవకుండా వచ్చినవాళ్ళ పేర్ల కింద గీత గీయండి. ఎవరైనా ఊరొచ్చి కూడా గ్రౌండు వైపు రాకపోతే, వాళ్ళు వెళ్ళే రోజు మీరేమన్నారో గుర్తు తెచ్చుకుని, ఈసారి మీరే వాళ్ళింటికి వెళ్ళండి.